వర్డ్ 95 చేసినట్టే చెయ్యండి

సాంకేతిక ప్రమాణాల పత్రాలని సరదాకి చదివే అలవాటు నాకుంది. మా ఇంట్లోవాళ్ళు దీన్ని ఒక రోగం కింద జమకట్టారు. మొదట్లో ఉద్యోగం కోసం చదవక తప్పలేదు. చదవగా చదవగా వాటిలోనూ ఒక గొంతు ఉంటుందని, కావాలని చెప్పకుండా వదిలేసిన చోట్లు ఉంటాయని తెలిసొచ్చింది. నవల గురించి రాసేటప్పుడు మనం వెతికేవీ అవే కదా. అలా చదివినవాటిలో నన్ను ఎక్కువకాలం పట్టుకుని వదలనిది ఎక్మా-376. 2006 డిసెంబరులో వచ్చింది. ఆరు వేల పేజీలకు పైనే. మనం రోజూ సేవ్ చేసే డాక్ఎక్స్ ఫైలు లోపల ఏముంటుందో, ఏ గుర్తుకి ఏం అర్థమో చెప్పే పుస్తకం అది. సరుకు మైక్రోసాఫ్ట్‌ది, ప్రమాణంగా ముద్ర వేసింది ఎక్మా అనే యూరప్ సంస్థ.

అందులో ఒక చిన్న గుర్తు ఉంది. పేరు ‘ఆటో స్పేస్ లైక్ వర్డ్ 95’. చైనా, జపాన్ లిపుల్లో నిండు వెడల్పు అక్షరాల మధ్య ఎంత ఖాళీ వదలాలో చెప్పాల్సిన గుర్తు. ఎంత వదలాలి? వర్డ్ 95 ఎంత వదిలితే అంత. అది ఎంత? ఆ సంగతి ఇక్కడ మాటల్లో పెట్టడం కుదరదు, కావాలంటే ఆ ప్రోగ్రామ్ ఏం చేస్తోందో చూసి మీరూ అలాగే చెయ్యండి, అసలు చెయ్యకపోతేనే మంచిది. అక్కడి వివరణ సారాంశం ఇదీ. మొదటిసారి చదివినప్పుడు పగలబడి నవ్వాను. వంటల పుస్తకం కొనుక్కుని పులిహోర పేజీ తీస్తే, ‘మా అమ్మమ్మ చేసినట్టే చెయ్యాలి’ అని ఒక్క వాక్యం రాసుందనుకోండి. పైగా ఆ అమ్మమ్మగారి వంటింట్లోకి మనకి ప్రవేశం లేదు.

ప్రమాణం అనేది ఉన్నదే రెండోవాడి కోసం. ఒక కంపెనీ తన ప్రోగ్రామ్ తనే రాసుకుని, తన ఫైళ్ళు తనే తెరుచుకుంటున్నంత కాలం ఎవరికీ ఏ పుస్తకమూ అక్కర్లేదు. వేరే ఊళ్ళో, వేరే డబ్బుతో, ఆ కంపెనీ వాళ్ళని ఒక్కసారి కూడా కలవని మనిషి ఆ పుస్తకం మాత్రమే ముందు పెట్టుకుని అదే ఫైలుని సరిగ్గా తెరవగలిగితేనే దాన్ని ప్రమాణం అనాలి. ఈ కొలతతో చూస్తే ‘వర్డ్ 95 చేసినట్టే’ అన్న వాక్యం ప్రమాణంలో ఒక కన్నం.

ఆ కన్నం చుట్టూ అప్పట్లో పెద్ద యుద్ధమే జరిగింది. నేను ఇంజనీరింగ్ చదువుతున్న రోజులవి. అప్పటికే ఓడీఎఫ్ అనే ఇంకో ప్రమాణం ఉంది. ఓపెన్‌ఆఫీస్ ఫైళ్ళ నుంచి పుట్టింది. 2005లో ఒయాసిస్ అనే సంస్థ దాన్ని ఆమోదించింది, 2006లో ఐఎస్‌ఓ ముద్ర పడింది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2005లోనే, 2007 జనవరి నుంచి మా కాగితాలన్నీ ఇందులోనే ఉండాలి అని ప్రకటించింది. ప్రభుత్వం అలా అడగడం మొదలుపెడితే కంపెనీ ఊరుకుంటుందా? తన ఫార్మాట్‌ని కూడా ప్రమాణం చెయ్యమని ఐఎస్‌ఓ దగ్గరికి వెళ్ళింది, అదీ తొందరగా తేల్చే దారిలో. 2007 సెప్టెంబరు ఓటింగులో నెగ్గలేదు. 2008 ఫిబ్రవరిలో జెనీవాలో ఐదు రోజులు కూర్చున్నారు. వెయ్యికి పైగా సవరణలు బల్ల మీద ఉంటే, చాలావాటిని చర్చే లేకుండా ఒక్క గుత్తిగా ఓటుకి పెట్టి తేల్చేశారు. ఏప్రిల్‌లో ప్రమాణం గెలిచింది. భారతదేశం ఆ ఓటింగులో వద్దనే చెప్పింది. ఆ తర్వాత బ్రెజిల్, దక్షిణాఫ్రికా, వెనిజులాతో పాటు అప్పీలు కూడా చేసింది. అప్పీళ్ళు కొట్టేశారు. అదే ఏడాది నవంబరులో ఐఎస్‌ఓ 29500 అచ్చయింది. మా హాస్టల్లో దాని గురించి నాతో మాట్లాడటానికి ఇద్దరే ఇద్దరు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకడికి తెల్లారితే సప్లిమెంటరీ.

అప్పట్లో నా తీర్పు సూటిగా ఉండేది. ఓడీఎఫ్ మంచిది, రెండోది దొంగది. ఉద్యోగంలో చేరి, వేరేవాళ్ళు పదేళ్ళ క్రితం రాసి వదిలేసిన కోడుతో కాపురం చేశాక ఆ సూటిదనం కొంచెం వంగింది.

ఎక్సెల్ సంగతే చూడండి. దాని లెక్క ప్రకారం 1900 సంవత్సరంలో ఫిబ్రవరి 29 ఉంది. నిజానికి లేదు. వందతో పోయే సంవత్సరం నాలుగు వందలతో కూడా పోతేనే లీపు అవుతుంది. ఈ తప్పు ఎక్సెల్‌కి పుట్టుకతో వచ్చింది కాదు, లోటస్ 1-2-3 నుంచి అరువు తెచ్చుకున్నది. ఎనభైల్లో లెక్కలన్నీ లోటస్‌లోనే ఉండేవి. ఆ షీట్లు తేడా లేకుండా తెరుచుకుంటే తప్ప ఎవరూ కొత్త ప్రోగ్రామ్ వైపు చూడరు. అందుకని తెలిసి తెలిసీ తప్పుని ఉంచేశారు. ఇప్పుడు దాన్ని దిద్దితే ఎన్నో షీట్లలో తేదీలు ఒక రోజు పక్కకి జరుగుతాయి. అందుకే లేని రోజు అలాగే ఉండిపోయింది, ప్రమాణంలోకి కూడా ఎక్కింది.

ఇది వెక్కిరించాల్సిన విషయమా? నాకిప్పుడు అలా అనిపించదు. ఎవరో ఒక గుమాస్తా 1988లో చేసిన లెక్క ఇవాళ తెరిచినా అదే సమాధానం చెప్పాలన్న పట్టుదల అందులో ఉంది. వర్డ్ 95 గుర్తు కూడా అంతే. టోక్యోలో ఎవరో 1995లో టైపు చేసుకున్న ఉత్తరం పేజీ దాటి కిందకి జారకుండా ఎవరో కాపలా కాశారు. అది ఒకరకంగా విశ్వాసమే. కాకపోతే ఆ విశ్వాసం ఆ ఇంటి గడప దాటి బయటకి రాదు.

ఫైళ్ళ విషయంలో కంపెనీలు రెండు రకాల మాటలు ఇస్తుంటాయి. మనం ఆ రెండిటినీ కలిపేసి ‘కంపాటిబిలిటీ’ అని ఒకే పేరు పెట్టుకున్నాం. మీ పాత ఫైలు మా కొత్త వెర్షన్లో తెరుచుకుంటుంది అన్నది మొదటి మాట. మా ఫైలు వేరేవాళ్ళ ప్రోగ్రామ్‌లో కూడా తెరుచుకుంటుంది అన్నది రెండోది. మొదటిది నిలబెట్టుకుంటే కస్టమర్ ఇంట్లోనే ఉంటాడు. రెండోది నిలబెట్టుకుంటే వెళ్ళిపోవడానికి దారి దొరుకుతుంది. ఏ మాట మీద ఎంత శ్రద్ధ ఉంటుందో చెప్పడానికి పెద్ద కుట్రలేవీ ఊహించుకోనక్కర్లేదు.

దీన్ని నేను లోపలి నుంచి చూశాను. ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో ఇంపోర్ట్‌కి ఒక టీమ్ మొత్తం ఉండేది. పోటీ కంపెనీల ఫైళ్ళని విప్పి, కామాతో సహా మా దాంట్లోకి తెచ్చేవాళ్ళం. ఎక్స్‌పోర్ట్ బటన్ మాత్రం ఒక ఇంటర్న్ ఎప్పుడో రాసి వెళ్ళిపోయినది. దాని మీద బగ్గులు వస్తే ‘ప్రయారిటీ 4’ అని పెట్టేవారు. దాని అర్థం అందరికీ తెలుసు, ఎవరూ ముట్టుకోరని. ఎక్స్‌పోర్ట్‌ని చెడగొట్టమని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. బాగుచెయ్యమని కూడా చెప్పలేదు, అంతే. ఏ సాఫ్ట్‌వేర్ నిజాయితీ తెలుసుకోవాలన్నా నేను ముందు దాని ఎక్స్‌పోర్ట్ మెనూ తెరిచి చూడటం అప్పటి నుంచి అలవాటైంది.

ఓడీఎఫ్ కూడా మచ్చలేనిదేం కాదు. దాని మొదటి ప్రమాణంలో స్ప్రెడ్‌షీట్ ఫార్ములాలు ఎలా రాయాలో సరిగ్గా చెప్పనేలేదు. 2009లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007కి రెండో సర్వీస్ ప్యాక్‌తో ఓడీఎఫ్ చదవడం చేర్చినప్పుడు, ఓపెన్‌ఆఫీస్‌లో చేసిన షీట్లు తెరిస్తే అంకెలు కనబడ్డాయి, వాటి వెనక ఉండాల్సిన ఫార్ములాలు ఎగిరిపోయాయి. పుస్తకంలో లేనిది మేమెలా చదువుతాం అన్నారు వాళ్ళు. వాదన సరైనదే, షీటు మాత్రం పాడైంది. 2011లో వచ్చిన ఓడీఎఫ్ 1.2లో గానీ ఫార్ములాల భాష కుదురుకోలేదు. ఇటువైపు ఐఎస్‌ఓ తన ప్రమాణాన్ని ‘స్ట్రిక్ట్’, ‘ట్రాన్సిషనల్’ అని రెండుగా విడగొట్టి, వర్డ్ 95 లాంటి పాత సామానంతా రెండోదాంట్లో పడేసింది. పేరుని బట్టి ట్రాన్సిషనల్ అంటే కొన్నాళ్ళకి పోవాల్సినది. వర్డ్‌లో మామూలుగా సేవ్ నొక్కితే మాత్రం ఇప్పటికీ వచ్చేది అదే.

ఇదంతా ఎక్కడో జెనీవా గొడవ, మనకేంటి అనుకోవచ్చు. నేనూ చాలాకాలం ఇంగ్లీషు ఫైళ్ళ సమస్యగానే చూశాను. తెలుగు ఫైలు నా చేతికొచ్చాక తెలిసింది, మనకి ఆ రెండు మాటల్లో ఒక్కటి కూడా ఎవరూ ఇవ్వలేదని.

నాకు బాగా తెలిసిన ఒక కథారచయిత్రి ఉన్నారు. డెబ్బై దాటారు. 1999లో వేసిన ఆవిడ కథల సంపుటిని మళ్ళీ వెయ్యడానికి ఒక ప్రచురణకర్త ముందుకొచ్చి, టైపింగుకి ఇంత అవుతుంది అని లెక్క చెప్పారు. ఆవిడ నాకు ఫోన్ చేశారు. “కంప్యూటర్లోనే చేశారు కదా నాయనా అప్పుడు. సీడీ కూడా ఇచ్చారు, బీరువాలో దాచాను. మళ్ళీ టైపు చెయ్యడమేమిటి?” అడగాల్సిన ప్రశ్నే. సీడీ అదృష్టం కొద్దీ చదివింది. అందులో పి65 అని చివర ఉన్న ఫైళ్ళు పద్నాలుగు. కథకి ఒకటి.

పి65 అంటే పేజ్‌మేకర్ 6.5. మన డీటీపీ సెంటర్లన్నీ దాని మీదే బతికాయి. అడోబీ 2001లో 7.0 తెచ్చి, 2004కల్లా ఇక కొత్తవి ఉండవని చెప్పేసింది. బదులుగా ఇండిజైన్ వాడమంది. ఇండిజైన్ కొన్నాళ్ళు పేజ్‌మేకర్ ఫైళ్ళని తెరిచేది. 2012 నాటి సీఎస్6 అలా తెరిచిన చివరి వెర్షన్. తర్వాత చందా పద్ధతిలో వచ్చిన సీసీ వెర్షన్లలో ఆ తలుపు మూసేశారు. భారతీయ లిపులని యూనికోడ్‌లో సరిగ్గా పేర్చడం కూడా ఇండిజైన్‌కి వచ్చింది ఆ సీఎస్6 తోనే. అంటే మన పాత పుస్తకాలు ఇటు నుంచి అటు దాటడానికి ఉన్న వంతెన ఒక్క వెర్షన్ వెడల్పు. డిజైన్ పని చేసే ఒక స్నేహితుడి దగ్గర పాత మెషీన్ ఉంటే దాని మీద తెరిచాం.

తెరుచుకుంది. లోపల తెలుగు లేదు.

ఇక్కడ రెండో తాళం. ఆ రోజుల్లో ఫాంటులో అక్షరాలకి ఉన్న గళ్ళు రెండు వందల చిల్లర. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ అందులో పట్టవు. మనవాళ్ళు తెలివైన ఉపాయం కనిపెట్టారు. అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. వాటిని ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చోబెట్టారు. అంటే కంప్యూటర్ దృష్టిలో ఆ ఫైలంతా ఇంగ్లీషు అక్షరాలూ, పిచ్చి గుర్తులూ. ఫలానా ఫాంటు తొడిగితేనే కళ్ళకి తెలుగు. ఏ గడిలో ఏ ముక్క అన్నది ప్రతి ఫాంటు కంపెనీ తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకుంది. దినపత్రికల సైట్లు కూడా మొదట్లో అలాగే ఉండేవి, పత్రికకో ఫాంటు. ఫాంటు లేకపోతే వార్త బదులు చిత్తుగీతలు. వాటిని చదవడానికే కొందరు ఔత్సాహికులు ‘పద్మ’ లాంటి ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్లు రాశారు. అప్పటి సైట్లు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. విండోస్‌లో తెలుగు కుదురుగా కనిపించింది 2001లో, ఎక్స్‌పీతో. అచ్చు రంగం మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పాత ఫాంట్లలోనే నడిచింది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. పని జరగాలి కదా మరి.

కన్వర్టర్ ఒకటి పట్టుకుని, ఆ ఫాంటుకి తగ్గట్టు పట్టిక దిద్దుకుని, పద్నాలుగు కథలూ మార్చాను. దూరం నుంచి చూస్తే తెలుగే. దగ్గరికెళితే ఒక్కో పేజీలో ఒక్కో వింత. పాత ఫాంట్లలో ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి. యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి. అందుకని ర ఒత్తు పక్క అక్షరానికి అతుక్కుపోయింది. కొన్నిచోట్ల సున్నా ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా వచ్చింది. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి కాదు. అన్నిటికన్నా నన్ను ఆపేసింది విసర్గ. ఆ టైపిస్టు విసర్గ బదులు ఇంగ్లీషు కోలన్ కొట్టేశారు, అప్పట్లో చాలామంది చేసినట్టే. కాగితం మీద తేడా తెలియదు. ఆవిడ కథల్లో ‘దుఃఖం’ అని వెతికితే ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. పద్నాలుగు కథల్లోనూ దుఃఖం లేదంది నా కంప్యూటర్. ఉన్నదల్లా ‘దు:ఖం’. ఈ సంగతి ఫోన్‌లో చెబితే ఆవిడ చాలాసేపు నవ్వి, “విమర్శకులు కూడా అదే అన్నారు నాయనా అప్పట్లో” అన్నారు.

పని పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రతి అనుమానానికీ తీర్పు చెప్పింది ఆవిడ దగ్గరున్న 1999 నాటి అచ్చు ప్రతి. ఇరవై ఏళ్ళు దాటాక ఏ ప్రోగ్రామూ అడగకుండా, ఏ ఫాంటూ లేకుండా తెరుచుకున్నది అదొక్కటే. ఆ ప్రతి కూడా లేని పుస్తకాల సంగతేమిటి? మూతపడ్డ డీటీపీ సెంటర్ల హార్డ్ డిస్కుల్లో చిన్న పత్రికలు, జిల్లా రచయితల సంపుటాలు, పరిశోధన వ్యాసాలు ఎన్ని ఉండిపోయాయో. స్కాన్ చేసిన పుస్తకం బొమ్మ అవుతుంది. చూసి చదువుకోవచ్చు, లోపల వెతకలేం. చూపులేని పాఠకుడికి స్క్రీన్ రీడర్ దాన్ని చదివి పెట్టలేదు. పాత ఫాంటు ఫైలు తెరిచినా అంతే, దానికి వినిపించేది ఇంగ్లీషు అక్షరాల గోల.

యూనికోడ్‌ని చాలామంది ఫాంటు అనుకుంటారు, లేదా కీబోర్డు అనుకుంటారు. నా దృష్టిలో అది ముందుగా ఒక మాట. ఒకసారి ఒక అక్షరానికి ఒక సంఖ్య ఇచ్చాక దాన్ని ఇక కదపం, తీసెయ్యం అని 1996 నాటి రెండో వెర్షన్ నుంచి వాళ్ళు కట్టుబడి ఉన్నారు. అక్షరాలకి పెట్టిన ఇంగ్లీషు పేర్లు కూడా మార్చరు. ఒక నిలువు బ్రాకెట్ పేరులో ‘బ్రాకెట్’ అన్న మాటకే స్పెల్లింగు తప్పు పడింది. పక్కన సవరణ రాసుకున్నారు గానీ అసలు పేరు అలాగే ఉంది, ఉంటుంది కూడా. ఎక్సెల్‌లో ఫిబ్రవరి 29 లాంటిదే ఇదీ. తేడా ఏమిటంటే ఈ తప్పు అందరి ముందూ గోడ మీద రాసుంది, ఎవరి వంటింట్లోకీ వెళ్ళి చూసి రానక్కర్లేదు. మొదటి మాట, రెండో మాట ఇక్కడ ఒకటైపోయాయి.

కాబట్టి సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటే. అక్షరం భద్రం, దాన్ని పెట్టిన పెట్టె కాదు. ఇవాళ కొత్తగా రాస్తున్నవాళ్ళలో చాలామందికి ఫైలు అనేదే ఉండదు. గూగుల్ డాక్స్‌లో రాసిన కథకి మన కంప్యూటర్లో కనిపించే జీడాక్ ఫైలుని విప్పి చూడండి. అందులో కథ ఉండదు, కథ ఎక్కడుందో చెప్పే అడ్రసు ఉంటుంది. అకౌంటు పోతే అడ్రసు మాత్రం మిగులుతుంది. డాక్ఎక్స్‌గానో, ఓడీఎఫ్‌గానో, ఉత్త టెక్స్ట్‌గానో దించుకునే దారి ఉంది, నిజమే. ఆ మెనూ లోపలికి వెళ్ళినవాళ్ళు నా స్నేహితుల్లో ముగ్గురు ఉంటారేమో.

బ్రిటన్ ప్రభుత్వం 2014లో ఒక నిర్ణయం తీసుకుంది. అందరూ కలిసి దిద్దుకునే పత్రాలు ఓడీఎఫ్‌లో, చదవడానికి మాత్రమే ఉన్నవి పీడీఎఫ్ లేదా హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఉండాలని. మన దేశం కూడా ఈ-గవర్నెన్స్‌కి బహిరంగ ప్రమాణాల విధానాన్ని 2010లోనే ప్రకటించింది. ప్రభుత్వాలు అడగాల్సినవి అడుగుతాయో లేదో వాటికే వదిలేద్దాం. రచయితలు అడగగలిగింది మాత్రం ఒకటుంది, ఖర్చు లేనిది. పుస్తకం అచ్చుకిచ్చేటప్పుడు ప్రచురణకర్త మనకి పీడీఎఫ్ పంపిస్తారు. దాంతోపాటు చివరి ప్రూఫులు దిద్దాక ఉన్న యూనికోడ్ పాఠం కూడా, డిజైన్ ఏమీ లేని ఉత్త పాఠం, ఇమ్మని అడగండి. ఒప్పందం రాసుకుంటే అందులో ఒక వాక్యం చేర్చండి. వచ్చిన ఫైలుని, దాన్ని తయారుచేసిన ప్రోగ్రామ్‌లో కాకుండా ఇంకోదాంట్లో తెరిచి చూడండి. ‘దుఃఖం’ అని వెతకండి. దొరికిందా, దాచుకోండి. దొరక్కపోతే, టైపు చేసినవాళ్ళు ఇంకా ఫోను ఎత్తుతుండగానే అడగండి.